ఏటి? అని అడిగే గుమ్మం

"ఏటి?" అన్నాను నేను.

"ఏటీ నేదప్పా. రేపొచ్చినప్పుడు సిన్న గంప తే" అన్నాడాయన.

మేమిద్దరం ఆఖరున అనుకున్న మాటలు ఇవే. ఒక బుధవారం పొద్దున, భోగాపురంలో ఆయన అద్దెకున్న ఇంటి గుమ్మంలో. నాకు ఒళ్ళు మండిపోయింది. పన్నెండేళ్ళుగా ఆ గుమ్మంలో చేపల గంప దించుతున్నాను. నా గంప ఎంతదైతే ఈయనకెందుకు? తక్కువ కొంటానని చెప్పడానికి ఇదొక వంక అనుకున్నాను. మర్నాడు కావాలనే పెద్ద గంప తీశాను. పడవల దగ్గర దొరికిన కవళ్ళ చేపలన్నీ అందులో పోయించి, మెడ నరాలు లాగుతున్నా మోసుకుంటూ వెళ్ళాను. 'ఇదుగో సిన్న గంప' అని ఆయన ముందు దించి, మొహం చూడాలని నా సరదా.

వెళ్ళేసరికి అరుగు కింద నిండా చెప్పులు.

నోటికి అలవాటు కదా. గంప దించాను, "ఏటి?" అనేశాను. లోపలున్న వాళ్ళంతా తలలు తిప్పి చూశారు. తెల్లవారి కాఫీ కలుపుకుని, గ్లాసు పక్కన పెట్టుకుని, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడట. గుండె.

ఇది రాస్తున్నది నా మేనకోడలు పైడమ్మ. చీపురుపల్లి హైస్కూల్లో లెక్కల టీచరు. నాకు అక్షరం రాదు, ఒక్క మాట తప్ప. ఆ సంగతి తర్వాత. నేను చెప్తుంటే అది పుస్తకాల తెలుగులోకి తిప్పుతోంది. తిప్పుకోనీ. మేము మాట్లాడుకున్న మాటల్ని మాత్రం ముట్టుకోవద్దని నా నెత్తి మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నాను.

పేరు ఏం రాయమంటావు అని అడిగింది. ఆయన పేరు నాకూ ఆ గురువారమే తెలిసింది, గోడకంటించిన కాగితం ఎవరో పైకి చదివితే. పన్నెండేళ్ళు 'మేస్టరు బాబు' అన్న నోటితో ఇప్పుడు పేరు పలికితే ఆయనెవరో వేరే మనిషిలా ఉంటుంది. వద్దన్నాను. ఆయన కూడా నా పేరు ఎన్నడూ అడగలేదు. 'అప్పా' అనేవాడు. నాకంటే నాలుగేళ్ళు పెద్దవాడై ఉండి!

"నానేటి నీకు అప్పనా? సెల్లినౌతాను" అంటే,

"గొంతెవలిది పెద్దదైతే ఆలే పెద్దోలు" అనేవాడు.

నా గొంతు అలాంటిదే. మా ఆయన్ని సముద్రం తీసుకున్న దగ్గర్నుంచి వీధుల్లో అరిచి అరిచి, రేకు మీద మేకు గీసినట్టు తయారైంది. నేను వీధి మొదట్లో 'నెత్తళ్ళో' అంటే వీధి చివర పిల్లి లేచి కూర్చుంటుంది. కానీ ఆయన గుమ్మంలో మాత్రం అరిచేదాన్ని కాదు. ఆయనే వద్దన్నాడు. గంప దించాలి, నెత్తి మీది చుట్టకుదురు పక్కన పెట్టాలి, 'ఏటి?' అనాలి. అంతే.

"ఏటి?"

"వంజరం ఉన్నాదా?"

"నేదు. ఏటి?"

"కానాగంతలు?"

"ఉన్నాయి. ఏటి?"

"నిన్నటన్ని ఇయ్యి."

నిన్న ఎన్ని ఇచ్చానో ఆయనకు గుర్తుండదు. నాకు ఉంటుంది. అది నా పని.

మనిషి వెదురుబద్దలా ఉండేవాడు. కళ్ళకొక జత అద్దాలు, నుదుటి మీద ఇంకో జత. ఆ రెండూ ఉండగా మూడో జత కోసం ఇల్లంతా వెతికేవాడు. పడక్కుర్చీ చేతుల మీద అడ్డంగా ఒక చెక్క, చెక్క మీద కంప్యూటరు. ఏదైనా ఆలోచన వచ్చిందంటే ఒక వేలు పైకెత్తి 'ఆగు' అన్నట్టు పట్టుకునేవాడు. ఆ వేలు ఎంతసేపు దించడంటే, ఒకసారి నా గంప మీది ఈగ వెళ్ళి దాని మీద వాలి, కాళ్ళు కడుక్కుని, మళ్ళీ గంప మీదికి వచ్చేసింది.

కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. చెప్పిన రోజుల్లో ఆయనకో పిచ్చి ఉండేదట. కాలేజీ తెరిచిన మొదటి రోజే పిల్లల లెక్కల పుస్తకాలన్నీ బల్ల మీద పెట్టించి, వెనక ఉండే జవాబుల పేజీల్ని బ్లేడుతో కోసేసేవాడు. ప్రశ్న ఒకచోట, జవాబు ఎక్కడో అట్ట దగ్గర ఉంటే ఆయనకు గిట్టదు. "కంచం ఇక్కడెట్టి కూర పెరట్లో ఎడతారేటి? ఇక్కడికిక్కడే ఉండాల" అనేవాడు. ఆ 'ఇక్కడికిక్కడే' అన్నది రోజుకు పదిసార్లు వినేదాన్ని. కోసిన పేజీలు ఒక ట్రంకు పెట్టె నిండా ఉండేవి. వాటిని నాకిచ్చేశాడు, ఎండు నెత్తళ్ళు పొట్లం కట్టుకోమని. భోగాపురమంతటికీ రెండేళ్ళపాటు జవాబుల్లోనే చుట్టి అమ్మాను. ఒకావిడైతే వీధిలో నన్నాపి, "ఒలే, నీ పొట్లం మీద మా గుంట పదమూడో లెక్కకి జవాబున్నాదే. పద్నాలుగోది కూడా తే" అంది.

ఇక అసలు సంగతి. పిల్లలకి లెక్కల పుస్తకం రాస్తున్నాడు ఆయన. చేత్తో కాదు, కంప్యూటర్లో. అందుకని ఒక సాఫ్ట్‌వేరు ఉందట, శాస్త్రాల వాళ్ళూ లెక్కల వాళ్ళూ రాసుకునేది. ఊరికే ఇస్తారు. దేశదేశాల్లో కొంతమంది పెద్దలు కూర్చుని దాన్ని చూసుకుంటారు. ఎవరైనా దానికి ఏదైనా కలపాలంటే రాసి పంపాలి, వాళ్ళు ఒప్పుకుంటే అందరి కంప్యూటర్లలోకీ వెళ్తుంది. ఇదంతా చేపలు తోముతూ నేను నేర్చుకున్న చదువు.

"ఇందుల లెక్క అచ్చేసినట్టు రాసుకోవొచ్చప్పా. గాని ఇది లెక్క సెయ్యదు. సెయ్యాలంటే ఇంకో కిటికీ తెరవాల. అక్కడ సేసి, జవాబు మోసుకొచ్చి ఇక్కడ ఎట్టాల" అన్నాడొకరోజు.

"మోసుకొస్తే ఏటి? రోజూ నాను మొయ్యట్లేదా?"

"నువ్వు మోస్తే సేపలొస్తాయి. నాను మోస్తే తప్పులొస్తాయి."

అందుకని పేజీ నడిమధ్యనే ఒక చోటు కట్టాలని పట్టుపట్టాడు. అక్కడ కంప్యూటరు భాషలో అడగాలి, మీట నొక్కగానే కిందే జవాబు పడాలి, దాని కింద మళ్ళీ అడిగే చోటు తెరుచుకోవాలి. దాన్ని కన్సోల్ అంటారట. "ఆ పేరు నా నోరు తిరగదు, గుమ్మం అను" అన్నాను. ఆ రోజు నుంచి మా ఇద్దరికీ అది గుమ్మమే.

ఆ గుమ్మం కట్టడంలో వారం రోజులు ఇరుక్కుపోయాడు. వేలు పైకెత్తి కూర్చున్నాడు. చేపలు కూడా అడగడం లేదు.

"ఏటి?" అన్నాను.

"లెక్క సేసేది ఎనకాల ఇంకో పోగ్రామప్పా. పేజీ అడుగుతాది, అది సెప్తాది. గాని దాని సెప్పడం ఎప్పుడైపోనాదో పేజీకి తెలవడం నేదు. ఒక ముక్క సెప్పి ఊరుకుంటాది. అయిపోనాదనుకుంటే మళ్ళీ ఇంకో ముక్క."

"మా అత్తలాగ."

"మీ అత్త ఆపినట్టు నీకెలా తెలిసేది?"

"ఆపితే గదా తెలడానికి! కవళ్ళు కావాలా, వొద్దా?"

"ఎన్నున్నాయి?"

"శానా ఉన్నాయి. ఏటి?"

ఆయన కూర్చున్న చోట ఎగిరిపడ్డాడు. చెక్క జారింది, కంప్యూటరు నా గంపలో పడబోతే ఒడిసి పట్టుకున్నాను.

"నువ్వు మళ్ళీ ఏటి అన్నావంటే, నీ జవాబు అయిపోనాదన్నమాట!"

"కాపోతే? నాను ఇక్కడే కాపరం ఎట్టనా?"

అదీ జరిగింది. మర్నాటికల్లా లెక్క చేసే ఆ ప్రోగ్రాముకి 'ఏటి?' అనడం నేర్పేశాడు. జవాబు చెప్పేశాక 'ఏటి?' అంటుంది. ఆ మాట వినగానే పేజీకి తెలుస్తుంది, సరుకంతా వచ్చేసిందని. కింద కొత్త గుమ్మం తెరుస్తుంది.

నన్ను పిలిచి చూపించాడు. తెల్లటి పేజీ మీద, ఎడమ పక్కన, రెండు అక్షరాలు.

"ఇది సూడు. గాలంలాగ వంగుంది గదా, ఇది ఏ. రెండోది నువ్వే."

"నానేటి?"

"నెత్తిన గంపున్నాది సూడు. అది టి."

నిజంగానే ఆ అక్షరం నెత్తి మీద గుండ్రంగా ఉంది. అరవై దాటాక, వాకిట్లో చేపల పొలుసు అంటిన చేతులతో, నాకొక మాట చదవడం వచ్చింది. అదొక్కటే వచ్చింది. ఆ తర్వాత బస్సుల మీద, గోడల మీద, సంచుల మీద ఎక్కడ గంపమ్మ కనబడినా గుర్తుపట్టేదాన్ని.

పక్కింటావిడ ఊరుకుంటుందా? "మేస్టరు గుమ్మం కాడ అంతంతసేపు ఏటే నీకు పని?" అంది.

"పెట్టెకి మాటలు నేర్పుతన్నాను. నువ్వూ రా, నీ నోరైతే ఇంకా బేగి నేర్చుకుంటాది" అన్నాను. మళ్ళీ అడగలేదు.

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. అంతకు ముందు ఏడాది ముసురులో పడవలు వెళ్ళని రోజున, ఆయనకి నిన్నటి చేప అంటగట్టాను. పాలిపోయిన మొప్పల మీద తడిగుడ్డ వేసి, కళ్ళు కనబడకుండా పక్కకి తిప్పి పెట్టాను. తిని, తెలుసుకుని, తిట్టలేదు. అంతకంటే పెద్ద పని చేశాడు. ఎనిమిది రోజులు వరసగా నేను గంప దించగానే, అద్దాలు మార్చుకుని, చేప మొప్ప ఎత్తి చూసి, "ఇది ఏ వారం పుట్టినాదప్పా?" అని వీధికంతటికీ వినబడేలా అడిగాడు.

దానికి నేను బాకీ తీర్చుకున్న రోజు చెప్తాను. గుమ్మం పూర్తయిందని మురిసిపోతూ నాకు చూపిస్తున్నాడు. పైన అడిగినదాంట్లో ఏదో ఒక అంకె చెరిపి ఇంకోటి పెట్టాడు. మీట నొక్కడం మరిచిపోయి కబుర్లలో పడ్డాడు. నాకు అంకెలు రావు, కళ్ళున్నాయి. పైన రూపం మారింది, కింద మారలేదు.

"మేస్టరు బాబూ, ఇది నిన్నటి సేప."

"ఏటి?"

"పైన మార్చినావు. కింద పాతదే ఉన్నాది. సూసినోడు ఇది దానికే జవాబనుకోడా? ఇది ఏ వారం పుట్టినాది?"

ఆయన పేజీ వంక చూశాడు, నా వంక చూశాడు, నుదుటి అద్దాలు తీసి మళ్ళీ నుదుటి మీదే పెట్టుకున్నాడు. మూడు రోజుల్లో దానికో మందు కనిపెట్టాడు. జవాబు తాజాగా ఉంటే దాని అంచున ఎర్ర గీత. ప్రశ్న మార్చి మీట నొక్కకపోతే ఆ గీత తెల్లగా పాలిపోతుంది. "మొప్ప" అన్నాడు. ఆ లోపల రాసుకునే రాతలో కూడా దాని పేరు మొప్ప అనే రాశాడట. పైడమ్మ చూసింది.

అంతా కట్టి పెద్దలకి పంపాడు. పంపిన రోజు నుంచి ఆయనకు తొందర ఎక్కువైంది. విశాఖలో డాక్టరు గుండె చూసి ఏదో చెప్పాడు. నాతో అనలేదు, కానీ నడక తగ్గింది, ఉప్పు తగ్గింది, 'బేగి' అన్న మాట పెరిగింది. "బేగి ఒప్పుకుంటే బాగున్ను. నాను సూడాల గదా" అనేవాడు. ఆయన కోరిక అంతే. తన గుమ్మం, నా మాటతో సహా, తాను ఉండగానే ఆ సాఫ్ట్‌వేరులోకి వెళ్ళాలి.

ఆ పెద్దల్లో తెలుగు సంగతులు చూసేవాడు ఒకడున్నాడు. కృష్ణా జిల్లా వాడట, పరాయి దేశంలో ఉద్యోగం. మంచివాడే. కానీ పని పట్టుకుంటే వదలడు. ఆయన పంపిన గుమ్మంలో ఒక లెక్క వేసి చూశాడు. ఒడ్డున నిలబడి అవతలి చెట్టును చూసి ఏరు ఎంత వెడల్పో చెప్పే లెక్క. 'ఏటి వెడల్పు అరవై మీటర్లు' అని జవాబు రావాలి. ఏమొచ్చిందో తెలుసా? ఏమీ రాలేదు. ఖాళీ. కింద కొత్త గుమ్మం తెరిచి 'ఏటి?' అంది.

మళ్ళీ అడిగాడు. మళ్ళీ 'ఏటి?'

జవాబులో మొదటి మాటే 'ఏటి' కదా. అది వినగానే పేజీ, ఆహా చెప్పడం అయిపోయింది అనుకుని తలుపు వేసేసింది. వాళ్ళ వైపు 'ఏటి' అంటే ఏరుకి సంబంధించినదట. మా వైపు అదీ అంటాం, అడగడానికీ అదే అంటాం. మా ఊళ్ళ మనిషి తప్ప ఇంకెవరూ చేయలేని తప్పు చేసి కూర్చున్నాడు మేస్టరు బాబు.

నాకైతే నవ్వు ఆగలేదు. "నీ పెట్టెకి సెవుడొచ్చినాది మేస్టరు బాబూ! ఏరు గురించి సెప్పమంటే ఏటి ఏటి అంటన్నాది!"

ఆయన నవ్వలేదు. రెండు రోజులు నవ్వలేదు. మూడో రోజున, "మాట తీసెయ్యాలప్పా. ఏదో ఒక గుర్తు ఎట్టేస్తాను" అన్నాడు, గోడ వైపు చూస్తూ.

నాకు కోపం వచ్చింది. నాకొచ్చిన ఒకే ఒక్క మాట! "ఎందుకు తియ్యాల? నాగావళి ఏటి కాడ సంతున్నాది అని నాను రోడ్డు మీద అంటే, ఎవలైనా వొచ్చి నన్ను సేపలు అడుగుతారేటి?"

"అడగరు."

"ఎందుకడగరు?"

"ఎందుకు?"

"గంప నెత్తినే ఉన్నాది గాబట్టి! గంప దించి ఏటి అంటేనే బేరం. దించకండా అంటే ఊసు."

వేలు పైకి లేచింది. చాలాసేపు ఉంది. ఈసారి ఈగ రాలేదు.

"గంప దించిన సప్పుడు" అన్నాడు మెల్లగా. అలా అనడంతోటే మొహం వెలిగింది. 'ఏటి?' అనే ముందు ఆ ప్రోగ్రాము కంటికి కనబడని గుర్తొకటి పంపుతుంది. చెవికి వినబడదు, కాగితం మీద పడదు, పేజీకి మాత్రం తెలుస్తుంది. గుర్తు వచ్చాక 'ఏటి' అంటే బేరం, గుర్తు లేకుండా 'ఏటి' అంటే ఏరు.

ఆ ఆనందంలోనే పందెం కాశాడు. "అప్పా, నీ మాట అలాగే ఉంచి ఒప్పుకున్నారనుకో, ఆ మర్నాడు నీ గంప నా నెత్తిన ఎట్టుకుని, ఈ మొదలు నుంచి ఆ సివరికంటా 'కవళ్ళో' అని అరుస్తాను."

"పంచ జారిపోతాది."

"జారితే జారనీ. వీదందరికీ ఇక్కడికిక్కడే జవాబు దొరుకుతాది."

పంపించాడు. ఏరు లెక్క సరిగ్గా వచ్చింది. అరవై మీటర్లు. కానీ ఆ కృష్ణా జిల్లా అబ్బాయి ఇంకో మెలిక పెట్టాడు. ఎలాగూ కనబడని గుర్తు పెట్టేశారు కాబట్టి, ఇప్పుడు మాట ఏదైనా ఒకటే. అలాంటప్పుడు అందరికీ అర్థమయ్యేలా 'ఏమిటి' అని పెట్టండి, ఒప్పేసుకుంటాం అన్నాడు.

చూశారా, నా ఉపాయమే నా మాటకి ఎసరు పెట్టింది.

"ఏమిటి అని ఎట్టీనా అప్పా? రేపే అయిపోతాది" అన్నాడు. గొంతులో ఓపిక లేదు. ఆ పూట మెట్టు దిగడానికే గోడ పట్టుకున్నాడు. ఉంచమంటే ఆయన ఉండగా అవుతుందో లేదో. తీసెయ్యమంటే నా నోటితో నేనే అన్నట్టు.

"ఆ బాబుని ఓపాలి పిలువు. నాను మాటాడతాను" అన్నాను.

కంప్యూటర్లోనే మనిషి కనబడ్డాడు. నున్నగా దువ్విన తల, వెనక అల్మారా నిండా పుస్తకాలు.

"నమస్కారమమ్మా. మీ గురించి మాస్టారు చెప్పారండి. తప్పుగా అనుకోకండి, మీ మాటని నేను తక్కువ చేయడం లేదు. కాకపోతే ఏటి అంటే మా వైపు వాళ్ళకి అర్థం కాదండి. పిల్లలు తికమకపడతారు కదా" అన్నాడు. మర్యాదస్తుడు. నాకు తిట్టడానికి సందివ్వలేదు.

నేనేమీ వాదించలేదు. గంప ఎత్తి, ఆ కంప్యూటరు ముందు ధబ్బున దించాను. చుట్టకుదురు పక్కన పెట్టాను. ఆ బాబు కళ్ళలోకి చూశాను.

"ఏటి?" అన్నాను.

అని ఊరుకున్నాను. ఊరుకోవడం నాకు తెలుసు. ముప్పై ఏళ్ళుగా గుమ్మాల్లో ఊరుకుంటున్నాను.

"అదేనమ్మా, నేను..." అన్నాడు. ఆగాడు. గంపలోకి తొంగిచూశాడు. "అవి... చందువలాండి?"

"ఔను. ఏటి?"

"ఇక్కడ దొరకవండి. ఐసులో పెట్టినవే. మా అమ్మ పులుసు పెట్టేది, మామిడికాయ వేసి..."

"పుల్లమావిడికాయేనా? ఏటి?"

"పుల్లదేనండి. ముక్కలు పెద్దవిగా..." అంటూ చెప్పుకుపోతున్నాడు. పక్కన మేస్టరు బాబు నోటికి తుండుగుడ్డ అడ్డం పెట్టుకుని ఊగిపోతున్నాడు.

పులుసు ఉడికేదాకా చెప్పనిచ్చి, అప్పుడన్నాను. "బాబూ, నాను నిన్ను ఏమిటి అని అడగనేదు. ఏటి అనే అడిగినాను. నీకు అర్దమయినాదా, నేదా?"

ఆ బాబు పెద్దగా నవ్వేశాడు. "మిగతావాళ్ళతో మాట్లాడి చెప్తానమ్మా" అన్నాడు.

అలా అని మూడు వారాలు. మేస్టరు బాబు రోజూ కంప్యూటరు తెరిచి చూసేవాడు. నేను గంప దించి 'ఏటి?' అనగానే, చేపల మాట కాకుండా, "ఇంకా నేదు" అనేవాడు. రోజూ అదే. ఇంకా నేదు, ఇంకా నేదు. ఆ బుధవారం ఒక్కరోజే 'ఇంకా నేదు' అనలేదు. 'ఏటీ నేదప్పా' అన్నాడు. మొహం చేటంత ఉంది. ఆ తేడా నేను పట్టుకోలేకపోయాను. మొప్ప చూసి చేప వయసు చెప్పేదాన్ని!

పోయిన ఆదివారం పైడమ్మ వచ్చింది. స్కూలు కోసమని ఆ సాఫ్ట్‌వేరు కొత్తగా వేసుకుందట. గంప బోర్లించి దాని మీద కంప్యూటరు పెట్టింది. తెల్లటి పేజీ. ఏదో నొక్కింది. ఎడమ పక్కన రెండు అక్షరాలు పడ్డాయి.

గాలం. నెత్తిన గంపమ్మ.

"అత్తా, ఏటి రాసున్నాదో సదువు" అంది.

చదివాను. పైడమ్మ ఏమీ రాయకుండా మీట నొక్కింది. మళ్ళీ 'ఏటి?' అంది. నొక్కింది. మళ్ళీ 'ఏటి?' విసుగన్నది లేదు దానికి. "నాకైనా ఓపాలి కోపం వస్తాదే" అన్నాను.

అప్పుడు అది ఇంకేదో తెరిచి చదివింది. పెద్దలు ఒప్పుకున్నప్పుడు రాసుకునే చోటట. "బుదవారం పొద్దున్నే ఒప్పుకున్నారత్తా. ఆ కృష్ణా జిల్లా ఆయన రాసేరు, 'మాట అలాగే ఉండనిద్దాం' అని. కింద మేస్టరుగారు జవాబిచ్చేరు."

"ఏటని?"

"'చాలా సంతోషం. రేపు ఉదయం నేను అందుబాటులో ఉండను. వీధిలో పని ఉంది.'"

నేను కంప్యూటరు కిందున్న గంప వంక చూశాను.

చిన్న గంప! పెద్ద గంప ఆ మెడ మోయలేదు కదా. కాబట్టి చిన్నది తెమ్మన్నాడు. వీధి ఈ మొదలు నుంచి ఆ చివరికి వెళ్ళాలి కదా. అరవాలి కదా. అంతా లోపల దాచుకుని, నా మొహం మీదే 'ఏటీ నేదు' అన్నాడు, దొంగ. నేనేమో మర్నాడు ఆయన మొహం చూద్దామని పెద్ద గంప నింపుకుంటున్నాను. ఒకరినొకరు ఏడిపించడానికి ఇద్దరం ఒకే రోజు ముహూర్తం పెట్టుకున్నాం. ముందు ఆయన తప్పించుకున్నాడు.

పందెం పందెమే. చిన్న గంప ఇప్పుడు మా వసారాలో మేకుకి వేలాడుతోంది. అందులో నేను చేపలు వేయడం లేదు.

ఇంక చాలు. పైడీ, ఇలగ జరుగు. మొదటి నుంచి సదివి ఇనిపించు, బేగి సదవకు. ఆగాగు. ముందు ఆ పైన రాసింది సూపించు. టీచరమ్మవి నువ్వు, సెయ్యూరుకోదు నీకు. ఏటి అనే రాసినావా, ఏమిటి అని దిద్దీసినావా? ఏదీ, గంపమ్మ ఎక్కడున్నాదో ఏలెట్టి సూపించు. ఆఁ, ఉన్నాది. ఇప్పుడు సదువు.